వార్డు నుంచి సూపరింటెండెంట్ గది దాకా: నర్సుకు దారి ఎక్కడ ఆగుతోంది?

సంక్షిప్తంగా

తెలంగాణలో కమ్యూనిటీ హెల్త్ సెంటర్, ఏరియా ఆసుపత్రి స్థాయి ప్రభుత్వ దవాఖానలకు డాక్టరే అధిపతిగా ఉంటున్నారు. నర్సుల పదోన్నతుల వరుస నర్సింగ్ విభాగం లోపలే మొదలై అక్కడే ముగుస్తుంది. ఆసుపత్రి పాలనలోకి వెళ్లేందుకు ఆ వరుసలో దారి లేదు. దీనికి నర్సుల అర్హతల్లోని లోటు కన్నా, సూపరింటెండెంట్ కుర్చీలో వైద్యపరమైన అధికారం, కార్యాలయ పాలన అనే రెండు వేరు వేరు పనులు కలిసిపోయి ఉండటమే పెద్ద కారణం. స్పెషలిస్టులు దొరకడమే కష్టంగా ఉన్న దక్షిణ తెలంగాణలో ఈ కలయిక వల్ల నర్సుల కంటే ఎక్కువగా నష్టపోతున్నది రోగులు.

ఈ చర్చ ఇప్పుడెందుకు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రభుత్వ వైద్య వ్యవస్థ పదేళ్లలో గుర్తుపట్టలేనంతగా మారింది. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేరుపడ్డాయి. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట విడివడ్డాయి. అదే కాలంలో మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఒకప్పటి జిల్లా, ఏరియా ఆసుపత్రులు బోధనాసుపత్రులయ్యాయి. వాటికి అధ్యాపకులుగా, స్పెషలిస్టులుగా డాక్టర్ల అవసరం ఒక్కసారిగా పెరిగింది. నియోజకవర్గ కేంద్రాల్లో, మండలాల్లో ఉన్న చిన్న దవాఖానలకు మాత్రం స్పెషలిస్టులను రప్పించడం, రప్పించినవారిని నిలబెట్టుకోవడం ఎప్పటి సమస్యగానే మిగిలింది.

ఇది ఒక్క ఈ ప్రాంతపు ఇబ్బంది కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో అవసరమైన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. సర్జన్, గైనకాలజిస్టు, ఫిజీషియన్, పిల్లల డాక్టర్ ఉండాల్సిన చోట ఒకరో ఇద్దరో ఉంటే, వారిలో సీనియర్ అయినవారే సూపరింటెండెంట్ బాధ్యతలు కూడా చూస్తారు.

మరోవైపు నర్సుల నియామకాలు భారీగా జరిగాయి. 2023లో రాసిన పరీక్ష ద్వారా ఎంపికైన సుమారు 7,000 మందికి 2024 జనవరి చివర్లో నియామక పత్రాలు అందాయి. అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఉద్యోగంలో చేరిన ఈ యువతరానికి ముందు సుమారు మూడు దశాబ్దాల సర్వీసు ఉంది. ఆ మూడు దశాబ్దాల చివర వారు ఎక్కడ ఉంటారన్న ప్రశ్నకు ఇప్పుడున్న నిబంధనల్లో దొరికే జవాబు చాలా చిన్నది.

ముప్పై పడకల దవాఖానను నడపడమంటే

భారత ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్ మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 80,000 మందికి సేవలందించాలి. అందులో 30 పడకలుంటాయి. అలాంటి దవాఖానను నడపడం అనే మాటలో ఏయే పనులు ఇమిడి ఉన్నాయో విడదీసి చూడకుండా, దానిని ఎవరు నడపాలో తేల్చలేం.

మొదటిది డ్యూటీ చార్ట్. పది మంది నర్సులున్న దవాఖానను తీసుకుంటే, ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు ముగ్గురు, 2 నుంచి రాత్రి 8 వరకు ఇద్దరు, రాత్రి 8 నుంచి తెల్లవారి 8 వరకు ఇద్దరు డ్యూటీలో ఉండాలి. రాత్రి డ్యూటీ దిగిన ఇద్దరికి నైట్ ఆఫ్, మరొకరికి వీక్లీ ఆఫ్. అంతటితో పది మందీ అయిపోయారు. కాన్పుల గది, వార్డు, ఎమర్జెన్సీ, ఆపరేషన్ థియేటర్ అనే నాలుగు చోట్లను ఈ ఇద్దరు ముగ్గురే చూసుకోవాలి. ఒకరు ప్రసూతి సెలవుపై వెళ్లి, ఇంకొకరిని డిప్యుటేషన్‌పై వేరే చోటికి పంపితే చార్ట్ కుప్పకూలుతుంది. అప్పుడు ఎవరి ఆఫ్ రద్దు చేయాలి, ఎవరిని వరుసగా రెండో వారం నైట్‌కు వేయాలి, కాన్పుల గదిలో అనుభవం లేని కొత్త సిస్టర్ పక్కన ఎవరుండాలి అన్నవి తేల్చేది ఇన్‌చార్జ్ సిస్టర్. ఆ దవాఖానలో మనుషుల కేటాయింపుకు సంబంధించి ప్రతిరోజూ తీసుకునే నిర్ణయాల్లో ఇంతకంటే పెద్దది లేదు.

రెండోది ఇండెంట్, అంటే కావాల్సిన మందుల కోసం రాసి పంపే చీటీ. వానలు పడి నాట్లు మొదలయ్యే సరికి పాముకాటు కేసులు పెరుగుతాయని అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పనిచేసిన ఏ నర్సుకూ వేరే చెప్పనవసరం లేదు. విషం ఎక్కిన లక్షణాలున్న ఒక్క రోగికి తొలి విడతలోనే 8 నుంచి 10 వయల్స్ యాంటీ స్నేక్ వెనం కావాలి. అంటే ఒకే రాత్రి ఇద్దరు రోగులు వస్తే 20 వయల్స్ దాకా ఖర్చవుతాయి. జూన్‌కు ముందే ఎన్ని వయల్స్ తెప్పించి ఉంచాలన్న అంచనా సిస్టర్ రాసే ఇండెంట్‌తో మొదలవుతుంది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపేందుకు ఇచ్చే ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. కరెంటు పోయి వచ్చే ఊళ్లో ఆ ఫ్రిజ్ ఉష్ణోగ్రతను రోజూ రిజిస్టర్‌లో ఎక్కించడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, బాలింత ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది.

మూడోది నాణ్యత తనిఖీలు. దవాఖానల పరిశుభ్రత కోసం 2015లో కేంద్రం ప్రారంభించిన కాయకల్ప్, 2017లో కాన్పుల గదుల కోసం తెచ్చిన లక్ష్య కార్యక్రమాల్లో గుర్తింపు రావాలంటే కనీసం 70 శాతం స్కోరు రావాలి. వాటి చెక్‌లిస్టులు తెరిచి చూస్తే చేతుల శుభ్రత, బయోమెడికల్ వ్యర్థాలను రంగుల వారీగా వేరు చేయడం, పరికరాల స్టెరిలైజేషన్, కేస్ షీట్లలో నమోదు, పరుపులూ దుప్పట్లూ, రోగులతో నడవడిక వంటివే ఎక్కువగా కనిపిస్తాయి. వీటిలో అత్యధిక భాగం నర్సులు స్వయంగా చేసేవి, లేదా ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లతో దగ్గరుండి చేయించేవి. అవార్డు వచ్చిన రోజున మాత్రం వేదిక మీదికి వెళ్లే పేరు వేరు.

ఇక మిగిలినవి సూపరింటెండెంట్ బల్ల మీదికి చేరే పనులు. జీతాల బిల్లులు, ట్రెజరీ, ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశాలు, ఆరోగ్యశ్రీ క్లెయిములు, పారిశుద్ధ్యం, భోజనం కాంట్రాక్టుల పర్యవేక్షణ, సమాచార హక్కు దరఖాస్తులు, జిల్లా స్థాయి సమీక్షలు, వీడియో కాన్ఫరెన్సులు. ఇవన్నీ అవసరమైనవే. అయితే వీటిలో ఏ ఒక్కటీ కడుపు కోసి బిడ్డను బయటకు తీయగల చేతులే చేయాల్సిన పని కాదు. దవాఖానకు ఉన్న ఒకే ఒక్క గైనకాలజిస్టు సూపరింటెండెంట్ కూడా అయినప్పుడు, జిల్లా కేంద్రంలో సమీక్ష ఉన్న రోజున నెలలు నిండిన గర్భిణికి వినిపించే మాట "మేడమ్ మీటింగ్‌కు పోయిండ్రు, రేపు రాండ్రి" అనే. అత్యవసరమైతే 108లో నల్గొండకో, మహబూబ్‌నగర్‌కో, హైదరాబాద్‌కో రిఫర్ చేస్తారు. ఆ రిఫరల్‌కు కారణం డాక్టర్ లేకపోవడం కాదు, ఉన్న డాక్టర్ కాగితాల పనికి వెళ్లడం. ఈ తేడా ఏ గణాంకాల్లోనూ నమోదు కాదు.

కలవని రెండు నిచ్చెనలు

ప్రభుత్వ సర్వీసులో డాక్టర్ సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా చేరి, డిప్యూటీ సివిల్ సర్జన్, సివిల్ సర్జన్ స్థాయిలకు చేరుతారు. సూపరింటెండెంట్, జిల్లా ఆసుపత్రుల సమన్వయ అధికారి వంటి పాలనా పదవులన్నీ ఈ నిచ్చెన మెట్లకు ఆనుకునే ఉన్నాయి. నర్సు నిచ్చెన వేరు. స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, రెండో గ్రేడు, మొదటి గ్రేడు నర్సింగ్ సూపరింటెండెంట్. ఇటీవలి కాలంలో ఈ పేర్లు నర్సింగ్ ఆఫీసర్, సీనియర్ నర్సింగ్ ఆఫీసర్ తరహాలో మారాయి. పేరుతో గౌరవం పెరిగిన మాట నిజమే. కానీ కొత్త పేర్లతో పాటు కొత్త అధికారాలేవీ రాలేదు.

పైమెట్లు తక్కువ, కింది మెట్టు మీద ఉన్నవారు చాలా ఎక్కువ. కాబట్టి ఏళ్ల తరబడి స్టాఫ్ నర్సుగానే ఉండి, రిటైర్మెంట్ దగ్గరపడ్డాక హెడ్ నర్సు అయ్యేవారు కొల్లలు. తెలంగాణలో ఉద్యోగ విరమణ వయసు 2021లో 61 ఏళ్లకు పెరిగినా, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మీద యవ్వనమంతా గడిపి ముప్పైల్లోనో నలభైల్లోనో పర్మనెంట్ అయినవారికి పైమెట్టు ఎక్కే సమయమే మిగలదు. కాంట్రాక్టు సేవకు నియామక పరీక్షలో 100కు 20 మార్కుల వరకు వెయిటేజీ ఇస్తున్నారు. అది ఉద్యోగం రావడానికి పనికొస్తుంది గానీ, సీనియారిటీ లెక్కలో కలవదు. నర్సింగ్‌కు ప్రత్యేక డైరెక్టరేట్ కావాలని నర్సుల సంఘాలు ఎంతో కాలంగా అడుగుతున్నది ఈ ఇరుకు వల్లే.

విద్యాశాఖతో పోల్చి చూస్తే ఈ ఏర్పాటులోని వింత మరింత స్పష్టమవుతుంది. ఉన్నత పాఠశాల హెడ్మాస్టర్ ఒకప్పుడు తరగతి గదిలో పాఠం చెప్పిన ఉపాధ్యాయులే. సర్వీసు పెరిగాక జీవోటీ, ఈవోటీ వంటి డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసై, గెజిటెడ్ హోదాలో జీతాల బిల్లులపై సంతకం పెట్టే డ్రాయింగ్ అధికారి అవుతారు. అక్కడ రోజువారీ పని చేసిన అనుభవమే పాలనకు పునాది. ఆసుపత్రిలో ఇరవై నాలుగు గంటలూ రోగి పక్కన ఉండే వృత్తి నర్సింగే అయినా, పాలనకు వెళ్లే దారి డాక్టర్లకు మాత్రమే ఉంది.

సైన్యంలోనూ ఇదే గీత వేరే రూపంలో కనిపిస్తుంది. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో మహిళా అధికారులు మేజర్ జనరల్ ర్యాంకు వరకు ఎదుగుతారు. అంతటి హోదా దక్కినా వారు నాయకత్వం వహించేది నర్సింగ్ సేవలకే. హోదా పెరగడం, సంస్థ పగ్గాలు అందడం ఒకటి కావని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

చట్టం ఆపేది దేన్ని?

"చట్టం ఒప్పుకోదు" అన్నది ఈ చర్చలో తరచుగా వచ్చే జవాబు. అందులో సగమే నిజం ఉంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం రిజిస్టర్డ్ డాక్టర్ కానివారు వైద్యం చేయడాన్ని నిషేధిస్తుంది. రోగ నిర్ధారణ, మందుల చీటీ, శస్త్రచికిత్స, మెడికో లీగల్ (పోలీసు, కోర్టులతో ముడిపడిన) కేసుల్లో గాయాల సర్టిఫికెట్, పోస్ట్‌మార్టం, చట్టబద్ధమైన గర్భస్రావం వంటివి డాక్టర్ చేతిలోనే ఉండాలి, ఉండి తీరాలి. ప్రమాదంలో గాయపడి వచ్చిన మనిషి గాయాల తీవ్రతను కోర్టులో నిలబడి చెప్పాల్సింది డాక్టరే.

జీతాల బిల్లు, స్టోర్స్ తనిఖీ, కాంట్రాక్టర్‌కు నోటీసు, డ్యూటీల ఆమోదం, సెలవు మంజూరు, అభివృద్ధి సంఘం ఖాతా నిర్వహణ మాత్రం ఈ నిషేధం కిందికి రావు. ఇవి ఎవరు చేయాలన్నది సర్వీసు నిబంధనలు, ప్రభుత్వ ఉత్తర్వులు తేల్చే విషయం. కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు, ఏరియా ఆసుపత్రుల వంటి ద్వితీయ శ్రేణి ఆసుపత్రులు 1986 చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్ పద్ధతిలో నడుస్తూ వచ్చాయి. ఆ పద్ధతిలో సూపరింటెండెంట్ అంటే డాక్టర్ అన్నది స్థిరపడిపోయింది. స్థిరపడిన ఆనవాయితీని మార్చడానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు.

వైద్యపరమైన అధికారంలో కూడా గీతలు మెల్లగా కదులుతున్నాయి. అదే 2019 చట్టం 32వ సెక్షన్ ఆధునిక వైద్యంతో సంబంధమున్న అర్హులకు కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌గా పరిమిత లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ఈ రెండూ నర్సును సూపరింటెండెంట్‌ను చేయవు. నర్సును స్వతంత్రంగా నిర్ణయం తీసుకోగల వృత్తి నిపుణురాలిగా గుర్తించే దిశలో మాత్రం ఇవి రెండూ ముందడుగులే.

వేరే చోట్ల ఎలా జరిగింది

అమెరికాలో 1997లో తెచ్చిన బడ్జెట్ చట్టం ద్వారా మారుమూల ప్రాంతాల చిన్న ఆసుపత్రులకు "క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్" అనే హోదా ఏర్పడింది. వీటిలో 25కు మించి పడకలు ఉండకూడదు. రోగి సగటున 96 గంటలకు మించి ఉండకూడదు. సాధారణంగా మరో ఆసుపత్రి 35 మైళ్లు, అంటే సుమారు 56 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. ఇది ఇంచుమించు దేవరకొండ నుంచి నల్గొండకు ఉన్న దూరం. పడకల సంఖ్యలో మన కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కు దగ్గరగా ఉండే ఈ ఆసుపత్రుల్లో నర్సుగా మొదలైనవారు సంస్థాధిపతులు కావడం అరుదేమీ కాదు.

ఆ దారి అంచెలంచెలుగా ఉంటుంది. పడక పక్కన నర్సు ముందుగా ఒక షిఫ్టుకు ఇన్‌చార్జ్ అవుతుంది, తర్వాత ఒక విభాగానికి మేనేజర్, ఆపై మొత్తం నర్సింగ్‌కు డైరెక్టర్ లేదా చీఫ్ నర్సింగ్ ఆఫీసర్. మధ్యలో ఎక్కడో నర్సింగ్‌లోనో, హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లోనో పీజీ పూర్తి చేస్తుంది. చిన్న ఆసుపత్రి కావడం వల్ల చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ మీదే ఇన్ఫెక్షన్ నియంత్రణ, నాణ్యత, సిబ్బంది నియామకం, ఒక్కోసారి అంబులెన్సుల బాధ్యత కూడా పడుతుంది. ఆ విధంగా ఆసుపత్రి మొత్తం ఎలా నడుస్తుందో తెలిసిన వ్యక్తి ఆమె అవుతుంది. సీఈఓ పదవి ఖాళీ అయినప్పుడు పాలక మండలి ముందు తాత్కాలికంగా ఆమెకు అప్పగించి, తర్వాత ఖాయం చేయడం ఎక్కువగా కనిపించే క్రమం. అక్కడ డాక్టర్లకు చీఫ్ ఆఫ్ స్టాఫ్ విడిగా ఉంటారు. చికిత్సకు సంబంధించిన వివాదాలు ఆ డాక్టర్ దగ్గరికి, డబ్బు, మనుషులు, భవనాలకు సంబంధించినవి సీఈఓ దగ్గరికి వెళ్తాయి.

బ్రిటన్‌లో మార్పు ఇంకో రకంగా వచ్చింది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో అందరూ కలిసి ఏకాభిప్రాయంతో నడిపే పద్ధతి వల్ల బాధ్యత ఎవరిదో తేలడం లేదని 1983లో గ్రిఫిత్స్ నివేదిక తేల్చి, జనరల్ మేనేజర్లను పెట్టమని సూచించింది. ఆ పదవి ఫలానా వృత్తికే అని రాయకపోవడంతో, తర్వాతి దశాబ్దాల్లో నర్సింగ్ నుంచి వచ్చినవారు కూడా ఆసుపత్రి ట్రస్టుల చీఫ్ ఎగ్జిక్యూటివ్‌లయ్యారు. జర్మనీలో చాలా ఆసుపత్రులను వైద్య డైరెక్టర్, నర్సింగ్ డైరెక్టర్, వాణిజ్య డైరెక్టర్ ముగ్గురూ కలిసి నడుపుతారు.

జర్మనీ ఉదాహరణ ఇక్కడివారికి దూరపు ముచ్చట కాదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానే తెలంగాణ నర్సులు భాష నేర్చుకుని జర్మనీకి వెళ్తున్నారు. నల్గొండ జిల్లాలో పుట్టి పెరిగిన ఒక నర్సు, నర్సింగ్ డైరెక్టర్‌కు యాజమాన్య బల్ల దగ్గర కుర్చీ ఉన్న ఆసుపత్రిలో పనిచేసేందుకు ఏడు వేల కిలోమీటర్లు వెళ్లాల్సి వస్తోంది. జీతమే ప్రధాన కారణమైనా, ఎదిగే దారి లేకపోవడాన్ని ఆ లెక్కలోంచి తీసేయలేం.

ఇక్కడా కొన్ని తలుపులు తెరుచుకున్నాయి

ఆయుష్మాన్ భారత్ కింద 2018లో మొదలైన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు తెలంగాణలో పల్లె దవాఖానలుగా నడుస్తున్నాయి. ఉప కేంద్రం స్థాయిలో, మైదాన ప్రాంతంలో సుమారు 5,000 మందికి సేవలందించే చోట, డాక్టర్లు దొరకనప్పుడు బ్రిడ్జి కోర్సు చేసిన నర్సులు మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా బాధ్యత తీసుకునే వీలుంది. బీపీ, షుగర్ పరీక్షలు, మందుల పంపిణీ, ఏఎన్ఎంలు, ఆశాల సమన్వయం వారి పని. నర్సు ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి అధిపతిగా కూర్చున్న తొలి మెట్టు ఇదే. కానీ ఇవి జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు ఉద్యోగాలు. ఆ అనుభవం రెగ్యులర్ సర్వీసులో పై పదవికి దారితీయదు.

రెండో తలుపు కాన్పుల గది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం ప్రసవాలు సిజేరియన్లే. ప్రైవేటులో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఈ ఆందోళనకర పరిస్థితే నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చే ఏర్పాటుకు తెలంగాణలో ఊతమిచ్చింది. 2018 చివర్లో కేంద్రం ప్రకటించిన మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు సాధారణ కాన్పులను శిక్షణ పొందిన నర్సులే స్వతంత్రంగా నిర్వహించే విభాగాలను ప్రతిపాదించాయి. ఒక విభాగం మొత్తానికి నర్సు బాధ్యత వహించగలదని ప్రభుత్వమే ఒప్పుకున్నాక, ఆసుపత్రి పాలన విషయంలో అదే తర్కం ఎందుకు వర్తించదో వివరించాల్సిన బాధ్యత అభ్యంతరం చెప్పేవారిదే.

మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ పట్టణాల నర్సింగ్ హోముల్లో ఎక్కువ భాగం డాక్టర్ల సొంతం కావడంతో, అక్కడ నర్సులు ఇన్‌చార్జ్ స్థాయి దాటే అవకాశం తక్కువ. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ పీజీ ఉన్నవారికి కొంత మెరుగు.

నర్సుకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది

వార్డు అనుభవం ఎంత ఉన్నా ఆసుపత్రి పాలన దానంతట అదే రాదు. బీఎస్సీ నర్సింగ్‌లో మేనేజ్‌మెంట్, లీడర్‌షిప్ పాఠ్యాంశం ఉంది. ఎమ్మెస్సీలో అది ఇంకా లోతుగా ఉంటుంది. ఈ పాఠాలు డ్యూటీల ప్రణాళిక, వార్డు నిర్వహణ, నర్సింగ్ విభాగపు బడ్జెట్ వరకు తీసుకెళ్తాయి. టెండరు షరతులు, ట్రెజరీ నియమాలు, ఆడిట్ అభ్యంతరాలకు జవాబు, ఆరోగ్యశ్రీ క్లెయిము ఎందుకు తిరస్కరణకు గురైందో కనిపెట్టడం, క్రమశిక్షణ చర్య ఎలా మొదలుపెట్టాలి అన్నవి వేరే చదువు. వీటిని డాక్టర్లకు కూడా ఎంబీబీఎస్‌లో ఎవరూ నేర్పలేదు. సూపరింటెండెంట్ కుర్చీలో కూర్చున్నాక సీనియర్ అసిస్టెంట్ దగ్గర నేర్చుకున్నవే. అందుకే ఇది నర్సుల ప్రత్యేక లోటు అనడం న్యాయం కాదు. అయినా కొత్తగా దారి వేసేటప్పుడు ఆ లోటును అలాగే వదిలేయడం కూడా సరికాదు. ఉపాధ్యాయుల పదోన్నతికి ఉన్న తరహాలోనే ఖాతాల పరీక్ష, దాంతో పాటు హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో గుర్తింపు ఉన్న పీజీ, కనీసం ఒక ఏరియా ఆసుపత్రిలో పాలనా విభాగంలో శిక్షణ అనే మూడు షరతులు పెడితే, సీనియారిటీ ఒక్కటే చూసి కుర్చీ ఇచ్చారన్న మాట రాదు.

అభ్యంతరాల్లో బలమెంత

అన్నింటికంటే గట్టి అభ్యంతరం జవాబుదారీకి సంబంధించినది. రోగి చనిపోయి బంధువులు గేటు ముందు కూర్చున్నప్పుడు ఎవరు బయటికి వచ్చి మాట్లాడాలి? డాక్టర్ నిర్లక్ష్యం వహించారని ఫిర్యాదు వస్తే నర్సు ఎలా విచారిస్తుంది? ఇవి తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్నలు కావు. చికిత్సపై విచారణ డాక్టర్లతోనే జరగాలి. అందుకే వైద్య అధిపతి పదవి రద్దు కాకూడదు, విడిగా ఉండాలి. డాక్టర్ డ్యూటీకి రాకపోవడం, మందు స్టోర్‌లో ఉండి కూడా రోగికి ఇవ్వకపోవడం, బెడ్‌షీట్ మార్చకపోవడం వంటి ఫిర్యాదులకు మాత్రం వైద్య పరిజ్ఞానం కంటే పాలనా పరిజ్ఞానమే ఎక్కువ అవసరం.

రెండో అభ్యంతరం, మంచి నర్సును పడక పక్కనుంచి తీసి కుర్చీలో కూర్చోబెడితే అది కూడా నష్టమే కదా అన్నది. నర్సుల కొరత ఉన్నమాట నిజం. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒకరు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలన్న నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం కాగితం మీదే ఉంది. అయినా రెండు నష్టాలూ సమానం కావు. ఖాళీ అయిన నర్సు స్థానాన్ని నింపేందుకు జిల్లాలో అర్హులు ఉన్నారు. ఒకే ఒక్క గైనకాలజిస్టు స్థానాన్ని నింపేవారు లేరు.

మూడోది బయటికి చెప్పరు గానీ అన్నింటికంటే బలంగా పనిచేస్తుంది. డాక్టర్ సెలవు చీటీపై నర్సు సంతకం పెట్టడాన్ని అంగీకరించలేని మనస్తత్వం అది. నర్సుల్లో అత్యధికులు మహిళలు, వారిలో దళిత, గిరిజన, వెనుకబడిన కులాల కుటుంబాల నుంచి వచ్చినవారు గణనీయంగా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం ఆరోగ్య రంగ ఉద్యోగుల్లో దాదాపు 70 శాతం మహిళలే అయినా పై పదవుల్లో వారు 25 శాతమే. ఇక్కడ ఆ అంతరానికి కులం కూడా తోడవుతుంది. దీన్ని సామర్థ్యం చర్చగా చూపించడం వాస్తవాన్ని దాచడమే అవుతుంది.

మార్పు వస్తే ఎలా ఉండొచ్చు

అన్ని దవాఖానల్లో ఒకేసారి మార్చడం ఎవరూ అడగడం లేదు, అది మంచిది కూడా కాదు. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో స్పెషలిస్టు ఒకరిద్దరే ఉన్న కొన్ని 30 పడకల దవాఖానలను ఎంచుకుని, అక్కడ పాలనాధికారి పదవిని వైద్య అధిపతి పదవి నుంచి వేరు చేసి, అర్హత పొందిన నర్సులను నియమించి చూడవచ్చు. ఫలితం కొలవడానికి కొత్త సర్వేలు అక్కర్లేదు. ఉన్న రిజిస్టర్లలోనే డాక్టర్ ఓపీలో, థియేటర్‌లో గడిపిన రోజులు, జరిగిన సిజేరియన్లు, బయటికి రిఫర్ అయిన కాన్పులు, అత్యవసర మందులు నిండుకున్న రోజులు, కాయకల్ప్ స్కోరు దొరుకుతాయి. రెండేళ్ల ముందు, రెండేళ్ల తర్వాత లెక్కలు పక్కపక్కన పెడితే సరిపోతుంది. డాక్టర్ సమయం మిగలకపోయినా, మందుల నిల్వ మెరుగుపడకపోయినా ప్రయోగాన్ని ఆపేయాల్సిందే.

అలాంటి ఉత్తర్వు వస్తే దాని విజయం ఒకే ఒక్క పేరా మీద ఆధారపడుతుంది. ఇద్దరు అధిపతుల మధ్య భేదం వచ్చినప్పుడు ఎవరి మాట చెల్లుతుందో అందులో స్పష్టంగా రాయాలి. రోగికి ఏ చికిత్స, ఎప్పుడు, ఎవరిని రిఫర్ చేయాలన్న దానిలో డాక్టర్ మాటే చివరిది. డ్యూటీలు, స్టోర్స్, కాంట్రాక్టులు, ఖర్చులో పాలనాధికారి మాట చివరిది. రెండింటి సరిహద్దులో పడే విషయాలు, ఉదాహరణకు థియేటర్‌కు రాత్రిపూట నర్సును వేయాలా వద్దా అన్నది, జిల్లా ఆసుపత్రుల సమన్వయ అధికారి దగ్గరికి వెళ్లి రాతపూర్వకంగా, గడువులోగా తేలాలి. ఆ గడువు ఎన్ని రోజులో కూడా ఉత్తర్వులోనే ఉండాలి. లేకపోతే ఫైలు జిల్లా కేంద్రంలో ఆగినన్ని రోజులూ ఆ దవాఖానలో రాత్రి కాన్పులకు థియేటర్ తెరుచుకోదు.